మూడో అంతస్తు గేర్లు

వంటింటి గట్టు మీద నుంచి,
మంగళవారం మధ్యాహ్నం

వదినగారికి మీ మరదలు నమస్కారాలు.

ముందుగా నా చేతిరాతనూ, తప్పులనూ మన్నించండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత నేను రాసిందల్లా డబ్బాల మీద ఉప్పు, పంచదార, కారం అనే. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు రెండు చోట్లా పెట్టాను. మీకు కావలసింది ఉంచుకుని రెండోది తీసేయండి.

మీ ఉత్తరం అందింది. "నాన్న చెయ్యి ఎలా ఉందో రాయి, నేను అడిగానని మాత్రం చెప్పకు" అన్నారు. చెప్పలేదు. మీ ఇద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవని మీ తమ్ముడు చెప్పారు. ఎందుకో నేను అడగలేదు. ఫోన్ మామయ్య మంచం పక్కనే ఉంటుంది, పైగా ఫోన్ ఎత్తితే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది కదా. కాలికి బాగానే పట్టు వచ్చింది. కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తారు. మాట కొంచెం ముద్దగా ఉన్నా అర్థమవుతుంది. కుడి చెయ్యే కదలడం లేదు. ఎవరిదో వస్తువు తన ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టు దాన్ని చూస్తారు. కసరత్తుల మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చి ఆకుపచ్చ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటారు. ఆయన గేటు దాటగానే బంతి మంచం కిందికి పోతుంది. ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కిన చేతికి రబ్బరు బంతి ఇస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, తీసి ఇవ్వడానికి మాత్రం భయమేస్తుంది. నిన్న మాస్టారు నన్ను వాకిట్లోకి పిలిచి, "ఇంకో రెండు నెలల్లో కదలిక రాకపోతే ఇక కష్టమమ్మా" అన్నారు. ఆ మాట మామయ్యకు చెప్పలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు. రోజుకు నాలుగు మాటలు: నీళ్ళు, చాలు, లైటు, తలుపు.

ఇంకొక్క సంగతి. ఇది ఎవరికీ చెప్పకండి. మా పెళ్ళికి మీరు పంపిన ఆటల పెట్టె టీవీ కింద ఉంది కదా. మీ తమ్ముడు ప్రెస్సు నుంచి వచ్చి అన్నం తిని పడుకోవడమే గానీ దాన్ని ముట్టుకోరు. పోయిన వారం దుమ్ము దులుపుతుంటే దానికదే వెలిగింది. పసుపు చొక్కా పిల్ల ఒకతి, రెండు వేళ్ళంత ఉంటుంది, చేతిలో పానా పట్టుకుని ఆగిపోయిన గడియార స్తంభం ముందు నిలబడింది. నేను ఏదో నొక్కాను. ఎగిరింది. ఇంకోసారి నొక్కాను. అలా ఒక గంట గడిచిపోయింది. పప్పు అడుగంటింది.

పెళ్ళయి ఏడు నెలలు కాలేదు, కొత్త కోడలు పనులు వదిలేసి టీవీ ముందు గెంతుతోందంటే ఎంత అప్రతిష్ఠ. చదవగానే ఈ కాగితం కాల్చేయండి.

మీ మరదలు


ఆఫీసు, నా బల్ల,
పక్కన చల్లారిన టీ

మరదలా,

నీ ఉత్తరం కాల్చలేదు. మా ఆఫీసులో అగ్గిపుల్ల గీస్తే పైకప్పులోంచి నీళ్ళు కురుస్తాయి. డ్రాయరులో పెట్టి తాళం వేశాను, అదీ ఇదీ ఒకటే. నన్ను "మీరు" అనకు. నా వెనకాల ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డారేమోనని తిరిగి చూసుకుంటున్నాను.

నువ్వు చేసినదాంట్లో దొంగతనం ఏముంది? అది మీ ఇద్దరికీ ఇచ్చిన కానుక. సగం నీది. నీ సగాన్ని నువ్వు ఆడుకున్నావు. వాడి సగానికి దుమ్ము పట్టనీ.

ఇలాంటి ఆటలు మా చిన్నప్పుడు ఉండేవి. చదరపు చుక్కలతో చేసిన బొమ్మలు, మూడు ప్రాణాలు, కీచుమనే పాట. ఇప్పుడైతే చెట్టు మీద ఆకు ఆకూ కదిలేలా గీయొచ్చు. అయినా కొందరు పనిగట్టుకుని ఆ పాత పద్ధతిలో కొత్త ఆటలు చేస్తారు. ఇదీ అలాంటిదే. పెద్ద కంపెనీది కాదు. నలుగురు ఒక గదిలో కూర్చుని రెండేళ్ళు చేశారట.

మా వీధి చివర రేకుల షెడ్డులో బిళ్ళ వేస్తే ఆడే మిషన్ ఒకటి ఉండేది. ఒకసారి దాని పిడి విరిగింది. షాపువాడు నాన్న దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నాన్న లేత్ మీద కొత్త పిడి చెక్కి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి బిగించి, "కూలి వద్దు, మా పిల్లను ఒక సాయంత్రం ఆడుకోనీ" అన్నారు. నాకు ఎనిమిదేళ్ళు. ఆ సాయంత్రం నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని, పిడి సరిగ్గా తిరుగుతోందా లేదా అని మాత్రమే చూశారు.

ఆటలో ఎక్కడ చస్తున్నావో వివరంగా రాయి. నాకు ఊరికే కుతూహలం. నాన్నకు ఆ చప్పుళ్ళు వినపడుతున్నాయా? విసుక్కుంటున్నారా? అదీ రాయి.

వదిన


వంటింటి గట్టు,
శుక్రవారం

వదినగారికి,

"నువ్వు" అనమన్నారు. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. అలవాటవ్వాలి.

మొన్నటి సంగతి చెబుతాను. ఆటలో మొదటి రెండు అంతస్తులూ దాటేశాను. మూడో అంతస్తులో రెండు పెద్ద గేర్లు పక్కపక్కన తిరుగుతుంటాయి. ఒకదాని నెత్తిమీంచి రెండోదాని మీదికి దూకాలి. రెండోదానికి ఒక పన్ను విరిగి ఉంటుంది. ఆ సందులో కాలు పడిందంటే పిల్ల కిందికి పోతుంది, "టుయ్‌య్" మని ఏడుస్తుంది. శబ్దం బాగా తగ్గించే ఆడుతున్నాను. మామయ్య గోడవైపు తిరిగి నిద్రపోతున్నారనుకున్నాను.

"ముప్పై ఒకటి" అన్నారు.

నా చేతిలోది జారి నేల మీద పడింది. "ఏంటి మామయ్యా?"

"చచ్చింది. ముప్పై ఒకటోసారి."

"ఆపేస్తాను మామయ్యా. తెలియక..."

"ఆపమన్నానా?" అని ఇటు తిరిగారు. ఇటు తిరగడం నేను చూసి ఎన్ని రోజులైందో. కళ్ళు చికిలించి టీవీకేసి చాలాసేపు చూశారు. "ఎవడు గీశాడు దీన్ని?"

"తెలీదు మామయ్యా."

"రెండు గేర్ల పళ్ళు కలిశాక, ఒకటి అటు తిరిగితే రెండోది ఇటు తిరిగి తీరాలి. ఇవి రెండూ ఒకవైపే తిరుగుతున్నాయి. ఇలా తిప్పితే పళ్ళన్నీ ఊడి దోసిట్లోకి వస్తాయి. గీసినవాడు జన్మలో గేరు ముట్టుకుని ఉండడు."

నేను బొమ్మే కదా మామయ్యా అన్నాను. ఆయనతో నేను ఎదురు మాట్లాడడం అదే మొదలు. "బొమ్మైతే మాత్రం? బొమ్మ కుక్కకు ఐదు కాళ్ళు పెడతామా?" అన్నారు. తరువాత, "విరిగిన పన్ను దగ్గర్నించి లెక్కపెట్టు. పంతొమ్మిదో పన్ను పైకొచ్చినప్పుడు దూకు" అన్నారు. నేను లెక్కపెట్టలేక తడబడుతుంటే ఆయనే లెక్కపెట్టి "ఇప్పుడు" అన్నారు. దాటేశాను.

వదినా, ఆ రోజు ఆయన మాట్లాడిన మాటలు నెల రోజుల మాటలకంటే ఎక్కువ. నాకు మాత్రం ఆ గేర్లు గీసినవాళ్ళ మీద మండుతోంది. దొరికితే ఆ విరిగిన పన్ను మీదే కూర్చోబెట్టి తిప్పుతాను.

ఇది కూడా కాల్చేయండి. మీ తమ్ముడికి తెలిస్తే ఏమంటారో.

మీ మరదలు


ఆఫీసు,
సోమవారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను.

నాన్న మాట్లాడారంటే సంతోషం. ఆయన అన్నది నిజమే, గేర్లు అలా తిరగవు. గీసినవాళ్ళకు అది తెలియకపోయి ఉండదని నా అభిప్రాయం. ఏదో కారణం ఉండి ఉంటుంది.

నాలుగో అంతస్తులో లోలకం మీద ఎక్కువసేపు నిలబడకు.

వదిన


ముందుగది కిటికీ పక్క నుంచి,
బుధవారం సాయంత్రం

వదినగారికి,

మీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. నేను ఏమైనా తప్పు రాశానా అని రెండు రోజులు మథనపడ్డాను. పెద్దలను గురించి "మండుతోంది" అని రాయకూడదని తరువాత తోచింది. కానీ ఆ గీసినవాళ్ళు మనకేం పెద్దలు? అయినా క్షమించండి.

ఇప్పుడు చెప్పబోయేది చదివితే మీ పని కాసేపు పక్కన పెడతారు.

మామయ్య లెక్కపెట్టి "ఇప్పుడు" అనడం, నేను నొక్కడం. ఇలా వారం రోజులు నడిచింది. ఆయనకు ఓపిక లేదని మీకు తెలుసు కదా. "నేను చెప్పి, నువ్వు విని, నీ వేలికి కబురందేసరికి పన్ను దాటిపోతోంది. ఇటివ్వు" అని నా చేతిలోని ఆట రిమోటు లాగేసుకున్నారు. దాన్ని రెండు పక్కలా పట్టుకోవాలి కదా. ఎడమ బొటనవేలు పిల్లను నడుపుతుంది, కుడి బొటనవేలు దూకిస్తుంది. ఆయన ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో నడపడం మొదలుపెట్టారు. కుడి చెయ్యి దాని పక్కన ఊరికే ఆనించి ఉంది. నేను కుడివైపు కుర్చీలో కూర్చుని దూకించేదాన్ని. ఇద్దరం ఒక్క పిల్లను నడిపేసరికి ఇల్లంతా గోల.

"దూకమంటే దూకవేం?"

"మీరు నడవకుండా ఎలా దూకను మామయ్యా?"

"నేను నడుస్తూనే ఉన్నాను. నువ్వే కోడిపెట్టలా ఉన్నచోటే ఎగురుతున్నావు."

మొన్న లోలకం మీద ఉండగా వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. అన్నీ మరిచి పరిగెత్తాను. స్టవ్ ఆపి తిరిగి చూద్దును కదా, గుమ్మంలోంచి అంతా కనపడుతోంది. లోలకం గోడ దగ్గరికి వస్తోంది. ఆయన "అమ్మాయ్, అమ్మాయ్" అంటున్నారు. నేను కదల్లేదు, ఎందుకో తెలియదు. ఆయన కుడి బొటనవేలు వణికింది. వణుకుతూ వణుకుతూ కొంచెం ఎత్తి, బటన్ మీద పడింది. పిల్ల ఎగిరింది. ఆలస్యంగా ఎగిరింది, కింద పడి చచ్చింది. అది వేరే సంగతి.

ఆయన వేలికేసి చూసుకుంటున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "పాలు పోయాయా?" అన్నారు. "సగం ఉన్నాయి మామయ్యా" అన్నాను. "ఉన్నవి చూసుకో పో" అన్నారు.

ఇక చూడు వదినా, ఈ వారంలో మన ఇంట్లో పాలు రోజుకు నాలుగుసార్లు పొంగాయి. స్టవ్ మీద గిన్నె ఉన్నా లేకపోయినా పొంగాయి. ఆయనకు తెలియదనుకున్నావా? నిన్న, "ఏమమ్మాయ్, ఇవాళ పాలింకా పొంగలేదా?" అని తనే అడిగారు. వేలు ఇప్పుడు పదిసార్లలో ఆరుసార్లు సమయానికి పడుతోంది. కసరత్తుల మాస్టారు మణికట్టు పట్టుకుని చూసి, ఏ నూనె రాస్తున్నారని అడిగారు.

నిన్ననే మేం ఆడుతుండగా మీ తమ్ముడు పనిలోంచి తొందరగా వచ్చేశారు. అన్నం క్యారియర్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. మామయ్య తల తిప్పకుండానే, "అడ్డం నిలబడకు, తెర కనపడట్లేదు" అన్నారు. మీ తమ్ముడు చెప్పులు విప్పి, గోడ వారగా నడిచి, వంటింట్లోకి వెళ్ళి తన టీ తనే పెట్టుకున్నారు. మాకు కూడా పెట్టారు. చక్కెర ఎక్కువైంది.

నిన్ను నువ్వు అనేశాను. ఇప్పుడే చూశాను. కొట్టేయను.

నీ మరదలు


నా గది,
ఆదివారం, ఆఫీసు లేదు

మరదలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడోసారి పాలు పొంగిన దగ్గర ఏడ్చాను, నాలుగోసారి చక్కెర దగ్గర నవ్వాను.

ఇప్పుడు నేను దాచింది చెప్పాలి. ఆ నలుగురిలో నేనొకదాన్ని. ఆ ఆట మేమే చేశాం. బొమ్మలన్నీ నేను గీసినవే. పసుపు చొక్కా పిల్లను, లోలకాన్ని, నువ్వు తిప్పుతానన్న ఆ విరిగిన పన్నును కూడా. తమ్ముడికి తెలుసు. చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

నాన్నకూ నాకూ చెడింది ఇందుకే. పన్నెండో ఏట నుంచి సెలవులన్నీ ఆయన లేత్ షెడ్డులోనే గడిపాను. పదహారు వచ్చేసరికి లేత్ మీద గేరు కోయడం వచ్చు. "కొడుక్కి కాగితాల పని ఇష్టం, నా మిషన్ నా కూతురిది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మిగతా ఇళ్ళలో ఆడపిల్లను పనిలోకి రానివ్వరని గొడవ. మా ఇంట్లో నేను పని వదిలేశానని గొడవ. బొమ్మలు గీసే ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు ఆయన చేతులు తుడుచుకుంటున్నారు. "ముట్టుకోవడానికి లేని పనికి పోతానంటున్నావు" అన్నారు. నేను కూడా తగ్గలేదు. "మీ ఇనుము కంటే నా బొమ్మలు ఎక్కువమంది చూస్తారు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మిషన్ మీద గుడ్డ కప్పి ఇంట్లోకి వెళ్ళిపోయారు. అంతే.

గేర్లు ఎలా తిరుగుతాయో నాకు తెలియక కాదు. మొదట నిజంగా తిరగాల్సినట్టే గీశాను. అప్పుడు రెండో గేరు నెత్తి వెనక్కి నడుస్తుంది. దాని మీదికి దూకినవాళ్ళను రెండు గేర్ల మధ్యలోకి లాక్కుపోతుంది. ఆడి చూసినవాళ్ళందరూ అక్కడే నలిగిపోయారు. రెండు వారాలు కొట్టుకున్నాం. ఆఖరికి ఒకరోజు విసిగిపోయి రెండో గేరును కూడా ముందుకే తిప్పేశాను. ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. కనిపెట్టగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆయన ఈ ఆట ఎన్నడూ చూడరు అనుకున్నాను.

"జన్మలో గేరు ముట్టుకుని ఉండడు" అన్నారని నువ్వు రాసినప్పుడు, రెండు రోజులు నాకు గీత సరిగ్గా పడలేదు. అందుకే ఆ పొట్టి ఉత్తరం. నువ్వేం తప్పు రాయలేదు.

ఆయనకు చెప్పాలో వద్దో నాకు తెలియడం లేదు. తెలిస్తే రిమోటు కూడా మంచం కిందికి పోతుందేమో. ఆ వేలు నా కంటే ముఖ్యం. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

వదిన


వంటింట్లోంచి,
గురువారం

వదినా,

చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

నీ ఉత్తరం చదివాక ఆయన పక్కన కూర్చుని ఆడడం నా వల్ల కాలేదు. ఆయన ప్రతిసారీ ఆ గేర్లు దాటుతూ "వెధవ పని" అంటారు. అది నిన్ను అంటున్నట్టే నాకు వినపడుతుంది. సోమవారం ఇంకోసారి అనగానే నోట్లోంచి వచ్చేసింది. "అలా అనకండి మామయ్యా, అవి గీసింది వదిన" అన్నాను. ఇంత పెద్ద మాట నేను ఆయన మొహంలోకి చూసి అనగలనని నాకే తెలియదు.

ఆయన రిమోటు మెల్లగా మంచం మీద పెట్టారు. గోడవైపు తిరిగారు. అంతే. మళ్ళీ నీళ్ళు, చాలు, లైటు, తలుపు. మాస్టారు వస్తే చెయ్యి కూడా ఇవ్వలేదు. ఇవాళ్టికి మూడు రోజులు. నిన్న నేను పాలు పొంగాయని అబద్ధం చెప్పి వంటింట్లోకి వెళ్ళి కూడా చూశాను. ఆయన చూడలేదు.

మీ తమ్ముడు, "నువ్వు సరిగ్గానే చేశావు, ఈ పని నేనే ఎప్పుడో చేయాల్సింది" అంటున్నారు. ఆయన అలా అంటే ఇంకా భయమేస్తోంది. మాస్టారు చెప్పిన రెండు నెలల్లో ఇరవై రోజులే మిగిలాయి. వచ్చిన వేలు మళ్ళీ పోతే అది నా నోటి వల్లే.

నీ మరదలు


ఆఫీసు,
శనివారం

మరదలా,

నీ నోటి వల్ల ఏమీ పోలేదు. నాలుగేళ్ళుగా నేను చెప్పాల్సింది నువ్వు ఒక్క మాటలో చెప్పావు. ఆయన అడిగితే దాచకు. నా ఉత్తరాలు అన్నీ ఆయనకు చదివి వినిపించు, నేనన్న ఆ పాడు మాటతో సహా. అడగకపోతే ఊరుకో. ఆయన మౌనం నాకు అలవాటే. లోపల ఏదో కొలుస్తుంటారు.

వదిన


ముందుగది,
మంగళవారం

వదినా,

ఇది చదివే ముందు కవర్లో ఉన్న ఇంకో కాగితం జాగ్రత్తగా తియ్యి. మడత దగ్గర పెన్సిల్ చెరిగిపోతుంది.

శుక్రవారం నేను ముందుగది తుడుస్తుంటే గోడవైపు నుంచే అడిగారు. "ఆ గేరు తప్పని దానికి తెలుసా?"

"తెలుసట మామయ్యా."

"తెలిసే వేసిందా?"

"తెలిసే."

చటుక్కున ఇటు తిరిగారు. మొహం ఎర్రగా ఉంది. "తెలియక వేస్తే నేను నేర్పలేదనుకుంటాను. తెలిసి ఎలా వేస్తుంది? దాని చేత్తో ఎన్ని గేర్లు కోయించాను?"

చదివి వినిపించమన్న నీ శనివారం ఉత్తరం అప్పటికి రాలేదు. అయినా ఆదివారం నువ్వు రాసింది తెచ్చి చదివాను. తప్పులు లేకుండా చదవాలని వేలు పెట్టి మెల్లగా చదివాను. ఇనుము కంటే బొమ్మలు ఎక్కువమంది చూస్తారన్న దగ్గర ఆగబోతే, "చదువు, నేను విన్నదే" అన్నారు. రెండో గేరు వెనక్కి లాక్కుపోతుందన్న చోట ఆపి, మళ్ళీ చదవమన్నారు. మూడోసారి కూడా చదవమన్నారు. కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేవబోయాను.

"మధ్య గేరు పెట్టమను" అన్నారు.

"ఏంటి మామయ్యా?"

"రెండు పెద్ద గేర్లనూ కొంచెం దూరం జరిపి, మధ్యలో చిన్నది ఒకటి పెడితే, అది వెనక్కి తిరుగుతుంది, పెద్దవి రెండూ ముందుకే తిరుగుతాయి. దానికి కావాల్సింది అదేగా. పిల్ల చిన్న గేరు మీంచి దూకి అవతలి పెద్దదాని మీద పడుతుంది. నలగదు. పళ్ళూ ఊడవు. రెండు వారాలు కొట్టుకోవడమెందుకు, ఒక్క ఫోను చేస్తే సరిపోయేది."

రాసుకోమన్నారు. రాశాను. చదివి చూసి, "ఇది చదివితే అది ఇంకో తప్పు చేస్తుంది, బొమ్మ వెయ్యి" అన్నారు. వేశాను. నా గేర్లు చూసి, "ఇవేంటి, పొద్దుతిరుగుడు పూలా?" అన్నారు. మళ్ళీ వేశాను. "ఇప్పుడు రొట్టెలు కొరికినట్టున్నాయి" అన్నారు. మూడోసారి వేస్తుంటే ఓపిక పట్టలేక కాగితం లాక్కున్నారు, పెన్సిల్ లాక్కున్నారు. నేను కాగితం కింద పలక పట్టుకుని కూర్చున్నాను. మొదటి గుండ్రం వంకరపోయింది. తిట్టుకుని దాని మీదే ఇంకోటి గీశారు. పన్ను, పన్ను, పన్ను. చెమట పట్టింది. మీ తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడి నాకేసి చూశారు. నేను వేలితో మాట్లాడొద్దని సైగ చేశాను.

అన్నీ అయ్యాక పెన్సిల్ పక్కన పెట్టి, "కవర్లో పెట్టు" అన్నారు. అప్పుడు చూసుకున్నారు. వదినా, మొదటి నుంచీ కుడిచేత్తోనే గీశారు. పెన్సిల్ లాక్కునేటప్పుడు ఏ చెయ్యి ముందుకొచ్చిందో ఆయనా చూసుకోలేదు, నేనూ చెప్పలేదు.

మంచం కింద నుంచి బంతి నేనే తీశాను. దుమ్ము కడిగి దిండు పక్కన పెట్టాను. ఈసారి ఆయన తోసేయలేదు.

నీ మరదలు


నా బల్ల,
సోమవారం

నాన్నకి,

మీ బొమ్మ అందింది. నా బల్ల ఎదురుగా గోడకు అంటించాను. మధ్య గేరు పెట్టి మూడో అంతస్తు మళ్ళీ చేశాం. మా నలుగురిలో ముగ్గురు మొదటిసారికే దాటారు. ఇది ఎవరి ఆలోచన అని అడిగారు. మా నాన్నది అన్నాను. ఏం చేస్తారు అని అడిగారు. గేర్లు కోస్తారు అన్నాను. కొత్తగా చేసినది ఈ ఉత్తరంతో పాటే చిన్న కార్డులో పంపుతున్నాను. పెట్టెకు ఎక్కడ గుచ్చాలో తమ్ముడికి తెలుసు.

ఒక్క సందేహం. మీరు గీసినదాంట్లో పళ్ళు లెక్కపెట్టాను. పెద్ద గేర్లకు ఇరవై నాలుగేసి ఉన్నాయి. చిన్నదానికి పద్దెనిమిది ఉంటే సరిగ్గా అమరుతుంది. మీరు పదిహేడు వేశారు. చెయ్యి వణికి ఒకటి తప్పిందా, కావాలని వేశారా? ఇప్పటికి పదిహేడే ఉంచాను. మీ గీత దిద్దడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజు నేనన్న మాట తప్పు. ఈ నాలుగేళ్ళలో ఎక్కువమంది నా బొమ్మలు చూశారు. ఒక్కరే సరిగ్గా చూశారు.

మీ కూతురు


మంచం మీద నుంచి,
బుధవారం

మా పెద్దదానికి,

ఈ ఉత్తరం రాయడానికి రెండు పూటలు పట్టింది. కోడలు రాసిపెడతానంది, వద్దన్నాను.

కార్డు పెట్టి చూశాం. మూడో అంతస్తు ఇప్పుడు బాగుంది. చూడబుద్ధేస్తోంది. ఏడో అంతస్తు కోడలికీ రావడం లేదు, నాకూ రావడం లేదు. అక్కడ నీ లెక్క ఏదో నాకు అందడం లేదు.

పదిహేడు కావాలనే వేశాను. పద్దెనిమిది వేస్తే ఒక్కో పన్నుకు అవే కొన్ని పళ్ళు మళ్ళీ మళ్ళీ తగులుతాయి. ఎక్కడ వంకర ఉంటే అక్కడే అరిగిపోతాయి. పదిహేడైతే ప్రతి పన్నూ అన్ని పళ్ళనూ కలుస్తుంది. గేరు నిండు నూరేళ్ళు ఉంటుంది. ఇది నీకు నేర్పే లోపలే వెళ్ళిపోయావు.

మిషన్ మీద గుడ్డ తీయించాను. వస్తే చూపిస్తాను.

నాన్న